తమ్ముడి వంతు

ఫిబ్రవరి 6, గురువారం

పొద్దున్నే మళ్ళీ అబద్ధం ఆడాను. తమ్ముడి సూపర్‌వైజరు ఫోన్ చేస్తే, వాడికి కడుపులో తిప్పుతోందని, రాత్రంతా నిద్ర లేదని చెప్పాను. రెండో ముక్క నిజమే. ఆయన ఒక్కసారి వాడితో మాట్లాడించమన్నాడు. ఇప్పుడే కునుకు పట్టిందన్నాను. వాడు నా ఎదురుగానే మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

వాడికి ఫోనంటే భయం. చిన్నప్పటి నుంచి నత్తి. ఎవరైనా పేరడిగితే మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. మెడ నరాలు ఉబ్బేవి. నేను చూడలేక చెప్పేసేదాన్ని. "వాడి నోరు నీ దగ్గరుందే" అనేది అమ్మ. టీచరుకీ, డాక్టరుకీ, చిల్లర తక్కువిచ్చిన కొట్టువాడికీ వాడి తరఫున నేనే సమాధానం. లిఫ్టులు బాగుచేసే పనిలో చేరేటప్పుడు కూడా వెంట వెళ్ళాను. లిఫ్టుతో మాట్లాడే పని ఉండదు కదా అని ఆ ఉద్యోగం ఎంచుకున్నాడని నా అనుమానం.

ఇప్పుడు ఆ చేతులు వణుకుతున్నాయి. పెద్ద పెద్ద భవనాల నెత్తిన, మోటారు గదిలో బోల్టులు బిగించే చేతులు. కింద లిఫ్టులో ఎక్కేది మనుషులు. వాళ్ళ సంగతి సరే, వాడు ఇలాగే తాగితే నాకు దక్కడు. ఇది రాయడానికి చెయ్యి రాలేదు. అయినా రాశాను.

ఫిబ్రవరి 8, శనివారం

వేడినీళ్ళ సంచిలో పోసి దాచుకుంటున్నాడు. అమ్మ నడుముకి కాపడం పెట్టిన రబ్బరు సంచి. దాన్ని గోడకేసి కొట్టాను. పగలలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

నీళ్ళ బిల్లు కట్టే ఆఫీసులో క్యూ కదలక గోడల మీద ఉన్నవన్నీ చదువుతుంటే ఆ కాగితం కనబడింది. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుంటారట, ఊరంతా చాలా చోట్ల. నంబరు చేతి మీద రాసుకున్నాను. మధ్యాహ్నం, చిరిగిన బట్టలకి నేను రఫూ చేసే దుకాణం వెనక గదిలోంచి ఫోన్ చేస్తే ఒక బొంగురు గొంతు పలికింది. వాళ్ళ పెద్ద ఆఫీసట.

తమ్ముడి కోసం అన్నాను. అయితే ఆయన్నే ఫోన్ చేయమనండి అన్నాడు. వాడు చేయడు అన్నాను. అయితే ఆయన్నే రమ్మనండి అన్నాడు. ముందు నేను చూసొస్తానన్నాను, చీర కొనేముందు మడత విప్పి చూస్తాం కదా. ఆయన నవ్వాడు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఆదివారాలు వేరే కూర్చుంటారు, మీరు దానికి వెళ్ళండి అన్నాడు. నాకేం రోగం?

"ఒకరి బదులు ఒకరు మానలేరమ్మా" అన్నాడు చివరికి, ఎక్కం ఒప్పజెప్పినట్టు. అయినా మా ఇంటికి దగ్గర ఎక్కడ, ఎప్పుడు అన్నది రాబట్టుకునే ఫోన్ పెట్టాను. ప్రతి గురువారం సాయంత్రం.

ఫిబ్రవరి 13, గురువారం

చూసొచ్చాను. డ్రైవింగ్ స్కూలు మేడ మీద గది. గోడల నిండా రోడ్డు గుర్తుల పటాలు. హారన్ కొట్టరాదు, ముందు మలుపు కలదు. తాగి బండి నడపరాదు అన్న పటాన్ని మాత్రం ఎవరో వెనక్కి తిప్పి పెట్టారు. నవ్వొస్తే పమిట అడ్డం పెట్టుకున్నాను.

గుమ్మం దగ్గర ఒకాయన టీ పోస్తున్నాడు. పక్క వీధిలో సెలూన్ నడుపుతాడట. అంత శుభ్రమైన గోళ్ళు నేను మగవాళ్ళలో చూడలేదు. మొదటిసారా అమ్మా అని అడిగాడు. అవునన్నాను, నిజమే కదా. మంచి పని చేశారు అని కప్పు చేతికిచ్చాడు. ఆ తర్వాత నేను తమ్ముడి కోసం వచ్చానని చెప్పే సందు దొరకలేదు.

కుర్చీలు గుండ్రంగా వేశారు. పెద్దదిక్కు ఒక లెక్కల టీచరమ్మ, రిటైరైంది. వాళ్ళ రూలు ఆవిడే చెప్పింది: ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు విప్పకూడదు, ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి, ఇక్కడ విన్నది మెట్లు దిగకూడదు. నా వంతు వచ్చినప్పుడు ఇవాళ వింటానన్నాను. అలాగే అన్నారు. ఎవరూ గుచ్చి అడగలేదు.

మంచి చోటు. వచ్చే వారం వాణ్ణి తీసుకెళ్తాను.

ఫిబ్రవరి 20, గురువారం

వాడికి చెబుదామనుకున్నాను. పొద్దున్న కాస్త తేటగా ఉన్నాడు, టీ తాగి చొక్కా గుండీ కూడా వాడే పెట్టుకున్నాడు. బాగున్నవాణ్ణి కదపడమెందుకని ఊరుకున్నాను.

నేను వెళ్ళాను. అందరూ చెబుతుంటే నేనొక్కదాన్నే ముంగిలా కూర్చుంటే బాగుండదని చిన్న ముక్క చెప్పాను. వేడినీళ్ళ సంచిలో పోసి దాచుకుంటానని. నేనే దాచుకుంటానని. గదంతా ఘొల్లుమంది. ఒకాయన షాంపూ సీసాలో దాచేవాడట. టీచరమ్మ సుద్దముక్కల డబ్బాలో చిన్న సీసా పెట్టుకుని క్లాసుకి వెళ్ళేదట. సెలూన్ ఆయన కళ్ళు తుడుచుకుంటూ, మా ఆవిడ మొక్కలకి నీళ్ళు పోసే చెంబులో నేనూ దాచానమ్మా, మొక్కలు చచ్చాయి, నేను బతికాను అన్నాడు. నేనూ నవ్వాను. ఆ సంచి విషయంలో నవ్వొచ్చేది కూడా ఉందని నాకిప్పటిదాకా తోచలేదు.

మార్చి 6, గురువారం

ఇవాళ చెప్పేశాను. అమ్మ సంగతి.

చెప్పాలని వెళ్ళలేదు. నాకు ముందు మాట్లాడినావిడ వాళ్ళ నాన్న గురించి చెప్పింది, ఆ ఊపులో నా నోట్లోంచి వచ్చేసింది. అమ్మ మంచం పట్టిన రోజులు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అమ్మ నన్ను మందులకి పంపింది. నేను మందుల షాపుకి వెళ్ళకుండా బారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అమ్మ పోయింది.

ఆ రోజు నేను దుకాణంలో ఉన్నాను, ఎవరిదో కోటుకి రఫూ చేస్తున్నాను, ఇంటికొచ్చేసరికి వాడు అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, గదంతా ఆ వాసన. అవేవీ చెప్పలేదు. వాడి కథలో నేను నిలబడి, నా స్థలం ఖాళీగా వదిలేశాను.

టీచరమ్మ లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. "అది నీ తప్పు కాదమ్మా. జబ్బు చేయించింది" అంది. నేను ఆవిడ పమిటలో తలపెట్టి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కాఫీలు అందించడంతోనే సరిపోయింది ఆ రోజుల్లో.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వస్తుంటే ఒళ్ళు దూదిలా అయిపోయింది. తప్పు కాదన్నారు. అంతమంది అన్నారు.

మార్చి 7, శుక్రవారం

వాడితో ఎవరూ ఆ మాట అనలేదు. నేనే అందామనుకున్నాను. భోంచేస్తూ తల వంచుకున్నాడు, నడినెత్తిన జుట్టు పలచబడింది, పిల్లాడనుకున్నవాడికి బట్టతల వస్తోంది. నీ తప్పు కాదురా అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆ గదిలో వాసన గుర్తొచ్చింది. మంచినీళ్ళు ఒలకబోశావేం అని కసిరాను.

మార్చి 13, గురువారం

వెళ్ళాను.

మార్చి 20, గురువారం

వెళ్ళాను. వాడి కోసమే వెళ్తున్నాను. అక్కడి పద్ధతులన్నీ నాకు వంటబట్టాక తీసుకెళ్తే వాడికి బెరుకు ఉండదు. నలుగురిలో మాట్లాడాలంటే చచ్చిపోతాడు, పాపం. నేను పక్కన కూర్చుని అందించాలి.

నాకు అక్కడ రఫూ అక్క అని పేరు పడింది. సెలూన్ ఆయన టీలో చక్కెర తగ్గించి నాకు విడిగా ఇస్తున్నాడు. నలభై దాటాక నా కోసం ఎవరైనా ఏదైనా విడిగా చేయడం ఇదే.

మార్చి 24, సోమవారం

"అక్కా, గు... గురువారాలు ఎ... ఎక్కడి..." అన్నాడు.

ఎక్కడికెళ్తున్నాననా, దుకాణంలో పని ఎక్కువగా ఉందిరా అన్నాను. ప్రశ్నా నేనే పూర్తి చేశాను, జవాబూ నేనే ఇచ్చాను. వాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, తర్వాత మూసుకున్నాడు. ఇంకేమైనా అడగబోయాడేమో తెలియదు.

వచ్చే వారం చెబుతాను. ఒట్టు.

ఏప్రిల్ 3, గురువారం

వాడు నున్నగా గడ్డం గీయించుకుని వచ్చాడు. ఇంట్లో గీసుకుంటే చెయ్యి ఆగక గవద దగ్గర కోసుకుంటున్నాడు, అందుకని బయటికి వెళ్ళాడట. మొహం కడిగిన ముత్యంలా ఉంది. పాత రోజుల్లో జీతం అందిన సాయంత్రాల్లో ఇలా ఉండేవాడు. ఏ సెలూన్ అని అడగాలని తోచలేదు నా మట్టిబుర్రకి.

సాయంత్రం నేను వెళ్ళాను. అందరికీ వాడి సంగతి చెప్పాలనిపించింది, మా తమ్ముడు ఇవాళ ఎంత బాగున్నాడో అని. కానీ అక్కడ నాకు తమ్ముడు లేడు.

ఏప్రిల్ 10, గురువారం

దీన్ని ఉన్నదున్నట్టు రాస్తాను.

దుకాణంలో ఒక పెళ్ళికోటు ఆలస్యమైంది, బయల్దేరేసరికి పొద్దుపోయింది. మెట్లెక్కుతుంటే లోపల్నుంచి ఎవరో మాట్లాడుతున్న చప్పుడు. మాట, ఆగడం, మాట, ఆగడం. రెండో మెట్టు మీదే నాకు తెలిసిపోయింది. అయినా కాళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి.

వాడు తలుపువైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను కూర్చునే కుర్చీ అది. పక్కన సెలూన్ ఆయన, ఒక చెయ్యి వాడి కుర్చీ వెనక వేసి. గడ్డం గీస్తూ వాడి వణుకు చూసి పిలిచి ఉంటాడు. నేను ఇన్ని వారాలు చేయలేని పని, ఆయన ఒక్క గడ్డం గీసేలోపు చేశాడు.

వాడు ఎప్పుడూ నోరు విప్పింది లేదు, అంతమందిలో. మెడ ఎర్రగా ఉంది. నేను కదలకుండా గుమ్మంలోనే ఆగాను.

"మా అమ్మ మం... మంచం మీద ఉంది. ఇం... ఇంట్లో నే... నేనొక్కణ్ణే. అమ్మే న... నన్ను పం... పం..."

గదిలో ఎవరూ కదల్లేదు. వాడు ఆ అక్షరాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. టీచరమ్మ కళ్ళలో నీళ్ళు. ఆవిడకి ఆ కథ తెలుసు, ఆవిడకి వాడి బాధ చూడటం కష్టమైంది. నాకు ఎన్నిసార్లు కాలేదు అలా? ఆవిడ ముందుకు వంగి, ప్రేమగా, "మందులకి పంపింది. నువ్వు తాగి వచ్చేసరికి ఆమె పోయింది. చెప్పక్కర్లేదు నాయనా, మాకు అర్థమైంది" అంది.

వాడు ఆవిడకేసి చూశాడు.

"ఇక్కడ మా రఫూ అక్కది కూడా అచ్చంగా ఇదే కథ. నువ్వొక్కడివే కాదు" అంది టీచరమ్మ. అంటూనే తలెత్తి, "అదిగో, వచ్చింది" అని నన్ను చూపించింది.

వాడు వెనక్కి తిరిగాడు.

వాడి మొహం గురించి రాయలేను. కోపం ఉంటే బాగుండేది. వాడు లేచి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, నా పక్కనుంచి మెట్లు దిగిపోయాడు. నేను వెంట పరిగెత్తాను. వీధి మలుపులో ఒక్కసారి ఆగాడు.

"నా వం... వంతు కూడా నువ్వే..." అన్నాడు.

ఆ వాక్యం పూర్తి చేయలేదు. నేనూ చేయలేదు, మొదటిసారి.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇంటికి రాలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

రాలేదు. పనికీ వెళ్ళలేదట. సూపర్‌వైజరు ఫోన్ చేస్తే, ఎక్కడున్నాడో నాకూ తెలియదన్నాను. ఆయనతో చెప్పిన మొదటి నిజం ఇది, ఆయన నమ్మలేదు.

బస్టాండ్లు, బార్లు, ఆస్పత్రులు తిరిగాను. బారులోకి వెళ్ళడం పుట్టి బుద్ధెరిగాక ఇదే. కౌంటరు దగ్గరివాడు ఏం కావాలన్నాడు. ఏం చెప్పాలో తెలియక మంచినీళ్ళన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

సెలూన్ ఆయన దుకాణానికి వచ్చాడు. చేతిలో రఫూకి ఒక ప్యాంటు తెచ్చాడు, ఊరికే రావడానికి మొహం చెల్లక. వెతుకుతున్నానమ్మా, దొరుకుతాడు అన్నాడు. తర్వాత సూటిగా అడిగాడు, మీరు తాగుతారా అని.

లేదన్నాను. ఎప్పుడైనా? వాసనే పడదన్నాను.

ఆయన చాలాసేపు ఆ ప్యాంటు మడత విప్పి మళ్ళీ వేశాడు. నన్ను తిట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను, తిడితే హాయిగా ఉండేది.

"మీ అమ్మగారి సంగతి చెప్పిన రోజు, నేను ఇంటికెళ్ళే దారిలో బ్రాందీ కొట్టు ముందు ఆగానమ్మా. మీ మొహం గుర్తొచ్చి ముందుకెళ్ళిపోయాను" అన్నాడు. "అది కూడా అబద్ధమేనా?"

అబద్ధం కాదు, మా తమ్ముడిది అన్నాను. ఆయన తలూపాడు. ఇక రావద్దని చెప్పమని అందరూ పంపారట, అది మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. నేనే అన్నాను, ఇక రానులెండి అని. వాళ్ళ మాట కూడా నేనే పూర్తి చేశాను చూడు.

ప్యాంటు చిరుగు అంగుళం లేదు. డబ్బు తీసుకోలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

దొరికాడు. సెలూన్ ఆయనే చూసి ఆస్పత్రిలో చేర్చి కబురు పెట్టాడు. నెత్తురు కక్కుకున్నాడట. నేను వెళ్ళేసరికి కళ్ళు పచ్చగా, మొహం గుప్పెడంత అయిపోయి ఉన్నాడు. కాలేయం సగానికి పైగా పాడైందని డాక్టరు చెప్పింది. ఇంకొక్కసారి ఇలా అయితే మమ్మల్ని అడగొద్దు అంది.

నర్సు వచ్చి వివరాలు అడగడం మొదలెట్టింది. ఎప్పటి నుంచి తాగుతున్నారు అని. నా నోరు తెరుచుకుంది. అమ్మ పోయినప్పటి నుంచి అని అనేదాన్నే. వాడు నన్ను చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను.

నర్సు నావైపు చూసింది. అతన్నే అడగండి అన్నాను. వాడికి అక్షరం అందడానికి చాలాసేపు పట్టింది. నర్సు పెన్నుతో అట్ట మీద తడుతోంది. నా నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

"అ... అమ్మ బ... బతికున్నప్పటి నుంచే" అన్నాడు.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఇవాళ చెప్పాడు. మధ్యాహ్నం, వార్డులో మిగతావాళ్ళు నిద్రపోతుంటే. నేనేమీ అడగలేదు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని వాడి చొక్కాకి గుండీ కుడుతున్నాను.

ఆ రోజు అమ్మ వాణ్ణి మందులకి పంపలేదు.

అమ్మకి అప్పటికే తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ఆ పొద్దున అమ్మని లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. వాడి చేతులు ఆగడం లేదు, పొద్దుట్నుంచి చుక్క పడక. ఒకసారి ఎత్తబోయి వదిలేశాడు. అమ్మ మంచం అంచు పట్టుకుని పడకుండా ఆపుకుంది. అప్పుడు అమ్మే అందట: "ఈ చేతులతో నన్నేం లేపుతావురా. వెళ్ళి కాస్త వేసుకుని రా. అక్క అడిగితే మందులకి వెళ్ళానని చెప్పు."

వాడు వెళ్ళాడు. చేతులు కుదురుకునేదాకా తాగి వచ్చాడు. వచ్చి అమ్మని లేపాడు. చేతులు అస్సలు వణకలేదట. అమ్మ లేవలేదు.

ఇది చెప్పడానికి వాడికి ఎంతసేపు పట్టిందో. ఒక్కో మాట బావిలోంచి చేదినట్టు. నాకు కొన్ని మాటలు ముందే తెలిశాయి, అందించలేదు. నాకు తెలుసనుకున్న వాటిలో కొన్ని తప్పయ్యాయి.

వేడినీళ్ళ సంచి ఆలోచన కూడా అమ్మదే. నడుము కింద పెట్టుకుని పడుకునేది, నేను చూడకుండా. కాపడం వాడే పెట్టాలి, నీ చెయ్యి మొరటు అనేది నాతో. ఎంత కుళ్ళుకున్నానో అప్పట్లో, కన్నకూతురి చెయ్యి మొరటైపోయిందా అని.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరికి తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది, చచ్చిపోయిన అమ్మ మీద, చావబోతున్నవాడి మీద. తర్వాత ఆ మంటంతా ఎటు పోయిందో. నేను సూపర్‌వైజరుతో ఆడినవీ అమ్మ ఆడినవీ ఒకే అబద్ధాలు. వాణ్ణి ఇద్దరం కలిసి కాపాడుకున్నాం, ఇదిగో ఈ మంచం మీదికి.

ఇన్నేళ్ళు నాతో ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

"నువ్వు అ... అమ్మని..."

తిడతావని. అది నాకు నాలుక చివర ఉంది. మింగాను.

"...త... తలుచుకుని ఏడుస్తుంటే నాకు బా... బాగుండేది. ఏ... ఏడవనీలే అనుకున్నా."

అదీ వాడు చెప్పింది. సూది ఎక్కడ పెట్టానో కనబడలేదు కాసేపు.

ఆ గదిలో వాడు చెప్పబోయింది ఇదన్నమాట. జన్మలో మొదటిసారి చెప్పబోయాడు. అమ్మే నన్ను పంపింది అని అక్కడిదాకా వచ్చాడు. మందులకి అంది ఆవిడ. ఆవిడదేం తప్పు, ఆ మాట ఆవిడ నోట్లో పెట్టింది నేను. ఇన్ని వారాలు నేను కూర్చుని ఏడ్చి చెప్పిన కథ వాడిది కూడా కాదు. తప్పు కాదని నన్ను ఓదార్చారు అందరూ. నేను ఆ ఓదార్పు తిని ఇంటికొచ్చి వాణ్ణి మంచినీళ్ళు ఒలికాయని కసిరాను.

"నీ తప్పు కాదురా" అన్నాను. ఆలస్యంగా వచ్చింది, అయినా అన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. విన్నాడో, వినలేదో తెలియదు.

మే 5, సోమవారం

ఇంటికి తీసుకొచ్చాను. మెట్లెక్కుతూ రెండుసార్లు కూర్చున్నాడు.

మే 8, గురువారం

సెలూన్ ఆయన వచ్చి గడ్డం గీసి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ గదిలో ఉన్నంతసేపూ నేను మేడ మీద బట్టలు ఆరేశాను. ఆరినవే మళ్ళీ ఆరేశాను.

మే 12, సోమవారం

సూపర్‌వైజరు ఫోన్. అలవాటుగా చెయ్యి చాపాను. వాడు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి పూర్తిగా తిప్పాను, వినబడకుండా. బకెట్టు నిండి పొర్లుతున్నా కట్టలేదు. వాడు ఒక్క వాక్యం చెప్పేసరికి అటువైపు ఆయన ఫోన్ పెట్టేస్తాడని, లేదా విసుక్కుంటాడని, నా ప్రాణం నా ప్రాణంలో లేదు.

చాలాసేపటికి వాడు వచ్చి కుళాయి కట్టాడు. తాగుతానని చెప్పేశాడట. చేతులు వణుకుతాయని, లిఫ్టు ముట్టుకోకూడదని కూడా. ఆయన చివరిదాకా విన్నాడట. ఉద్యోగం పోయింది. వాడికి చేతకాని పని కాదు అది, వాడికి తెలిసిన ఒకే ఒక్క పని. మేమిద్దరం తడిసిన వంటింటి గచ్చు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాం. నేను ఏడ్చాను. వాడు నేల తుడిచాడు.

మే 16, శుక్రవారం

ఊరికి అటు చివర ఇంకో చోట కూర్చుంటారట, సోమవారాలు. అక్కడ ఎవరికీ మేము తెలియదు. వెళ్తానన్నాడు. రెండు షరతులు పెట్టాడు, రెండూ తనే చెప్పాడు. నువ్వు రావద్దు. ఏం చెప్పావని అడగొద్దు. సరేనన్నాను.

మే 19, సోమవారం

వెళ్ళాడు. బస్సు నంబరు నేను కనుక్కుని పెట్టాను, వాడికి చెప్పలేదు, వాడే కనుక్కున్నాడు.

నేను ఇంట్లో ఉన్నాను. కుట్టు పట్టుకున్నాను, దారం ఎక్కలేదు. అటు చివరికి వెళ్ళే దారిలో ఎన్ని బార్లున్నాయో, వాడి కోసం తిరిగిన రోజుల్లో అన్నీ చూశాను. నిజంగా అక్కడికే వెళ్ళాడో లేదో నాకు తెలియదు. వెళ్తే అమ్మ గురించి చెప్పాడేమో, నా గురించి చెప్పాడేమో, అదీ తెలియదు. ఇకమీదట కూడా తెలియదు. వాడి గురించి నాకు తెలియని విషయం ఒకటి ఉండటం ఎలా ఉంటుందో నాకు అలవాటు లేదు. చాలా ఒంటరిగా ఉంది.

ఇన్నేళ్ళుగా వాడు గడప దాటేలోపే నేను వాసన పట్టేసేదాన్ని. మాట్లాడకముందే, మొహం చూడకముందే. దాన్నిబట్టి నా మొహం ఎలా పెట్టాలో నిర్ణయించుకునేదాన్ని.

చీకటి పడకముందే తలుపు చప్పుడైంది. వెళ్ళి తీశాను. వాడు అక్కడ నిలబడ్డాడు, అలిసిపోయి, నా మొహంలోకి చూస్తూ. నేను ఊపిరి బిగబట్టి పక్కకి జరిగాను. వాడు నన్ను రాసుకుంటూ లోపలికి వెళ్ళాడు. వాడు గదిలోకి పోయి తలుపు వేసుకునేదాకా నేను గాలి పీల్చలేదు.